పడవ అడుగున నీరు



కర్నూలు, కడప జిల్లాలలో పుట్టి పెరిగిన మా వంటి వారికి నీరు అనగానే బోరుబావి, ట్యాంకరు, కరువు సంవత్సరాలు గుర్తుకు వస్తాయి. అటువంటి వారము పడవను గురించి వ్రాయడం వింతగా తోచవచ్చు. అయితే సుంకేసుల నుండి కడప వరకు సాగే మన కె.సి. కెనాల్‌ను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863 నుండి 1870 వరకు త్రవ్వించినప్పుడు, పొలాలకు నీరు పారించడంతో పాటు పడవలు నడపడం కూడా దాని ఉద్దేశమే. దాదాపు 300 కిలోమీటర్ల కాలువ అది. కంపెనీ నష్టాలపాలయింది, 1882లో ప్రభుత్వం కాలువను స్వాధీనం చేసుకున్నది, కాలక్రమంలో పడవలు కనుమరుగయ్యాయి. నేడు ఆ కాలువ గట్టున నడిచే పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు.

శ్రీశైలం జలాశయం నిండిన తరువాత పడవ మళ్ళీ మన ప్రాంతానికి వచ్చింది. ఆత్మకూరు దాటి సిద్ధేశ్వరం, సంగమేశ్వరం ఒడ్డున నిలబడితే అవతల తెలంగాణలోని సోమశిల కనిపిస్తుంది. ఆ రెండు ఒడ్డుల మధ్య బంధుత్వాలు ఉన్నాయి, బేరాలు ఉన్నాయి. 2007 జనవరిలో మంచాలకట్ట వద్ద, మన నెహ్రూనగర్ వైపు వస్తున్న పడవ మునిగి 61 మంది ప్రాణాలు కోల్పోయారు. మోయగలిగిన దానికంటే ఎక్కువ మందిని ఎక్కించడమే ఆ ఘోరానికి కారణమని అందరూ చెప్పుకున్నారు. అక్కడ వంతెనకు 2022లో కేంద్ర ప్రభుత్వం వెయ్యి కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. ఈ నెల మేము వ్రాయదలచినది మాత్రం ఒక చిన్న పడవ అమ్మకాన్ని గురించి.

కొన్ని సంవత్సరాల క్రితం మా మదరసాలో నాజిరా పూర్తి చేసి, హిఫ్జ్ మొదలుపెట్టి, తండ్రి మరణించడంతో చదువు మానుకొని ఇంటికి మరలిన శిష్యుడొకరు ఒక రోజు ఇషా నమాజు తరువాత మా వద్దకు వచ్చారు. తండ్రి వదిలిన డీజిల్ ఇంజను పడవతోనే ఆ కుటుంబం బ్రతుకుతున్నది. ఇప్పుడు చెల్లెలి నికాహ్ కుదిరింది. పడవను అమ్మి, వచ్చిన డబ్బుతో నికాహ్ జరిపించి, మిగిలిన దానితో ఆటో కొనుక్కోవాలని ఆలోచన. కడప జిల్లా అట్లూరు వైపు నుండి ఒకాయన వచ్చి పడవను చూసి 1,40,000 రూపాయలకు బేరం కుదుర్చుకొని వెళ్ళారు. (అక్కడ పెన్నా నదిపై ఉన్న జలాశయం పేరు కూడా సోమశిలే. కృష్ణ ఒడ్డు సోమశిలకు ఎదురుగా ఉన్న పడవ పెన్నా సోమశిల నీటికి పోవడం ఏమి రాత!)

"హజ్రత్, కొనేవాడు అడగని సంగతిని అమ్మేవాడు చెప్పాలా?" అని అడిగారు.

అడగని సంగతి ఏమిటని మేము అడిగితే, పడవ కొద్దిగా నీరు తీసుకుంటుందని, కానీ అడుగున ఆటోమేటిక్ పంపు ఉన్నది కనుక ఇబ్బంది ఏమీ లేదని జవాబు. "దానంతట అదే తోడేస్తుంది హజ్రత్. మేము చూడనవసరం కూడా లేదు."

ఆ చివరి వాక్యమే మమ్మల్ని ఆపింది. మరుసటి శుక్రవారం జుమా తరువాత బస్సెక్కి ఆ ఒడ్డుకు వెళ్ళాము.

ముందు ఆ యంత్రాన్ని గురించి చెప్పాలి. ఏ పడవలోనైనా కొంత నీరు చేరుతుంది. చెక్కల సందుల నుండి ఊరుతుంది, ఇంజను ఇరుసు పడవ వెనుక భాగం నుండి బయటికి పోయే చోట చుక్కలు చుక్కలుగా కారుతుంది, వర్షం నేరుగా పడుతుంది, అల లోపలికి చిమ్ముతుంది. ఈ నీరంతా మనము కాళ్ళు పెట్టే పలకల క్రింద, పడవ అడుగున అన్నింటికంటే పల్లంగా ఉన్న చోట చేరుతుంది. పూర్వం దానిని డబ్బాతో తోడి పారబోసేవారు. తుంగభద్రపై పుట్టి నడిపేవారు నేటికీ అదే చేస్తారు. ఇంజను పడవలలో ఆ పల్లంలో పిడికిలి కంటే కొంచెం పెద్దదైన పంపును బిగిస్తారు. మన బోరుబావిలోని సబ్‌మెర్సిబుల్‌కు చిన్న తమ్ముడనుకోండి. నీటిలో మునిగి ఉండి, లోపల రెక్కల చక్రం తిరిగి, గొట్టం గుండా నీటిని పడవ ప్రక్క నుండి బయటికి నెడుతుంది. 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది.

అది తనంతట తాను నడవడానికి కారణం ఫ్లోటు. మసీదులో వుజూ ట్యాంకు నిండగానే తేలే బంతి లేచి నీటిని ఆపివేయడం మనము రోజూ చూస్తున్నదే. పడవలో అదే సూత్రం తిరగబడుతుంది. నీరు పెరిగి ఫ్లోటు లేస్తే పంపు మొదలవుతుంది, నీరు తగ్గి ఫ్లోటు దిగితే ఆగుతుంది. నీటి మట్టంతో యంత్రాన్ని నడిపే ఈ ఉపాయం మనకు పరాయిది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా సోదరులు తమ యంత్రాల గ్రంథంలో ఫ్లోటుతో తెరుచుకొని మూసుకొనే కవాటాలను వర్ణించారు. 1206లో అల్ జజరీ రెండు సిలిండర్లతో నీటిని పీల్చి ఎత్తే పంపును బొమ్మతో సహా వివరించారు. మదరసా పిల్లలకు ఈ పేర్లు చెప్పినప్పుడు వారి కళ్ళలో కనిపించే వెలుగు మాకు ఇష్టం.

అయితే ఫ్లోటు ఎంత తెలివైనదో అంత మూగది. నీరు ఎక్కడి నుండి వచ్చింది, నిన్నటి కంటే ఎక్కువ వచ్చిందా అన్న సంగతి అది చెప్పదు. మన సీమ రైతు బోరు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టి నిద్రపోతాడు. రాత్రి కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది. బోరు ఎండిపోయిన సంగతి మోటారు కాలిన తరువాతనే తెలుస్తుంది. మా అన్నగారి చేనిలో ఒక ఎండాకాలం అట్లే జరిగింది.

ఒడ్డున కట్టివేసిన ఆ పడవలో మేము కూర్చున్నాము. దాదాపు 30 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. పలకలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. కొద్దిసేపటికి కాళ్ళ క్రింద గుర్రుమని శబ్దం వచ్చింది, ప్రక్క గొట్టం నుండి నీరు ధారగా పడింది, ఒక నిమిషానికి ఆగింది. మేము గడియారం చూసుకున్నాము. పదకొండు నిమిషాల తరువాత మళ్ళీ అదే శబ్దం. ఒక గంటలో ఐదుసార్లు.

"రోజుకు ఎన్నిసార్లు నడుస్తుంది బేటా?" అని అడిగాము. ఎన్నడూ లెక్కపెట్టలేదన్నారు. ఆటో కదా.

15 లీటర్ల బకెట్టును ధార క్రింద పట్టించాము. సుమారు 40 సెకండ్లలో నిండింది. అంటే నిమిషానికి 22 లీటర్లు. గంటకు ఐదుసార్లు చొప్పున 110 లీటర్లు. రోజు మొత్తానికి రెండున్నర వేల లీటర్లకు పైగా. ఇంటి మిద్దెపై పెట్టుకొనే వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండున్నర ప్రతి రోజూ ఆ పడవలోకి వచ్చి పోతున్నాయి. దానిని ఆయన "కొద్దిగా" అన్నారు. అబద్ధం చెప్పాలని కాదు. పంపు వచ్చిన నాటి నుండి ఆయన నీటిని చూడనేలేదు.

పంపుపై గంటకు 500 గ్యాలన్లని వ్రాసి ఉన్నది. అంటే నిమిషానికి సుమారు 31 లీటర్లు. కానీ బకెట్టు 22 మాత్రమే చెప్పింది. ఇందులో మోసం లేదు. ఆ అంకె గొట్టం లేకుండా, ఎత్తుకు నెట్టనవసరం లేకుండా కొలిచినది. నీరు పైకి ఎక్కాలన్నా, గొట్టం వంపులు తిరగాలన్నా, బ్యాటరీ బలహీనపడినా ఆ అంకె పడిపోతుంది. సగానికి పడిపోవడం కూడా వింత కాదు. ఇక చిల్లు సంగతి చూడండి. నీటి మట్టానికి ఒక అడుగు లోతున ఒక అంగుళం వెడల్పు రంధ్రం పడితే నిమిషానికి 45 లీటర్లకు తక్కువ కాకుండా నీరు లోపలికి వస్తుంది. ఆ పంపు దానికి చాలదు. ఇటువంటి పంపు ఊట నీటికీ వాన నీటికీ మాత్రమే. చిల్లు పడిన పడవను అది కాపాడుతుందని నమ్మేవారు తమను తాము మోసగించుకుంటారు.

బ్యాటరీ లెక్క ఇంకా ముఖ్యం. అటువంటి చిన్న పంపు రెండు ఆంపియర్ల వరకు తీసుకుంటుంది. రోజుకు 120 సార్లు, సారికి ఒక నిమిషం అంటే రెండు గంటలు. ఆ పడవలోని 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, ఇంజను నడవకుండా ఒడ్డున ఉంటే, దాదాపు వారం రోజులు ఈ భారాన్ని మోస్తుంది. తరువాత పంపు మెల్లగా తిరుగుతుంది, ఆపై ఆగిపోతుంది. నీరు మాత్రం ఆగదు. కొన్న మనిషి పండుగకు ఊరికి పోయి పది రోజులకు తిరిగి వస్తే పడవ ఉండవలసిన చోట తాడు మాత్రమే కనిపిస్తుంది. ఇది ఎవరూ ఎక్కనప్పటి సంగతి.

మనుషులు ఎక్కినప్పటి సంగతి వేరు. అమ్మలారా, అక్కలారా, పెద్ద తాంబాళంలో రెండు గ్లాసుల నీరు పోసి చేతులతో పట్టుకొని నాలుగు అడుగులు నడిచి చూడండి. తాంబాళం ఏ మాత్రం ఒరిగినా నీరంతా ఆ వైపుకే పరుగెత్తి ఇంకా ఒరిగేటట్లు చేస్తుంది. పడవ అడుగున చేరిన నీరు కూడా అంతే. అడుగున నీరు లేని పడవ ఒరిగితే తిరిగి నిలబడుతుంది. నీరున్న పడవ ఒరిగితే, ఆ నీరు వంగిన వైపే చేరి దానిని లేవనివ్వదు. అప్పుడు పాదాలు తడిసిన జనం భయపడి ఒక వైపుకు జరుగుతారు.

అసర్ నమాజు ఒడ్డుననే చేసుకొని, పంపు స్విచ్చిని ఆపివేయమన్నాము. మగ్రిబ్ వేళకు నీరు పలకల అంచుకు వచ్చింది. పలకలు ఎత్తి టార్చి వేసి చూస్తే, ఇరుసు దగ్గర కారేది స్వల్పమే. అసలు ఊట పడవ నడుమ ఒక చెక్క అతుకు నుండి వస్తున్నది. అక్కడ పైన తారు పూసి ఉన్నది, లోపల చెక్క మెత్తబడింది. గోరుతో నొక్కితే దిగింది.

అప్పుడు మా శిష్యుడు తల దించుకొని మరొక మాట చెప్పారు. కొనేవారు వచ్చిన రోజున, ఆయన ఒడ్డుకు దిగుతుండగానే పంపును చేతి స్విచ్చితో నడిపి అడుగునంతా ఖాళీ చేశారట. ఆయన పడవలో కూర్చొని టీ త్రాగి, ఇంజను శబ్దం విని, పది నిమిషాలలో దిగిపోయారు. ఆ పది నిమిషాలలో పంపు మొదలుకాలేదు.

పాఠకులకు ఇక్కడ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ ఉపమానం స్ఫురించి ఉంటుంది. మాకు మాత్రం ధాన్యపు రాశి సంఘటనే గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు విన్నవించుకుంటే, ఆ తడిని జనానికి కనిపించేటట్లు పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మేము సంవత్సరాలుగా పిల్లలకు బోధిస్తున్నాము. పైన పొడి, క్రింద తడి అన్న మాటను ఇంత అక్షరాలా చూడడం మాత్రం ఆ రోజే.

"కాగితంలో 'ఉన్నది ఉన్నట్లుగా అమ్ముతున్నాను' అని వ్రాయిస్తే సరిపోదా హజ్రత్?" అని అడిగారు. మంచి ప్రశ్నే. మేము ముఫ్తీలము కాము, పాఠం చెప్పేవారము. అయినా హనఫీ ఫిఖహ్ గ్రంథాలలో విద్యార్థులు చదివేది ఇది. వస్తువులో పాత లోపం బయటపడితే కొన్నవానికి దానిని తిరిగి ఇచ్చివేసే హక్కు ఉన్నది. దానిని ఖియారె ఐబ్ అంటారు. అమ్మేవాడు అన్ని లోపాల నుండి తాను బాధ్యుడను కానని ముందే షరతు పెడితే, కొన్నవాడు ఒప్పుకుంటే, ఆ షరతు చెల్లుతుంది, తిరిగి ఇచ్చే హక్కు పోతుంది. కానీ హక్కు పోవడం వేరు, తెలిసిన లోపాన్ని దాచిన పాపం పోవడం వేరు. పైగా ఈ కాగితంపై సంతకం చేసేది కొనేవాడు ఒక్కడే. రేపు ఆ పడవ ఎక్కే పిల్లలు ఏ కాగితంపైనా సంతకం చేయలేదు.

చట్టం సంగతి కూడా చెప్పాము. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలి. తెల్ల కాగితంపై చేతులు మారిన పడవ చట్టం దృష్టిలో ఎవరిదో తేల్చడమే కష్టం.

మేము ఆదేశించలేదు. చెల్లెలి నికాహ్ బాధ్యత మోస్తున్న యువకునికి 1,40,000 రూపాయలంటే ఏమిటో మాకు తెలుసు. చాలాసేపు ఆయన నీటి వైపు చూస్తూ కూర్చున్నారు. తరువాత మా ముందే ఫోను చేసి, ఊట సంగతి చెప్పి, పంపును ముందుగా నడిపిన సంగతి కూడా చెప్పారు. అవతలి నుండి కొంతసేపు మాట లేదు. తరువాత ఆ పెద్దమనిషి ఒకటే అడిగారట, "ఎన్నాళ్ళ నుండి?" అని. "ఎప్పటి నుండో నాకే తెలియదు అన్నా, పంపు పెట్టినాక నేను చూసుకోలేదు" అని మా శిష్యుని జవాబు.

మేము ఆ బేరం పోయిందనే అనుకున్నాము. తొమ్మిది రోజుల తరువాత ఆ పెద్దమనిషి వడ్రంగిని వెంటబెట్టుకొని వచ్చారు. పడవను ఒడ్డుకు లాగి, మెత్తబడిన చెక్కను తీసి కొత్తది వేసి, సందులలో నార కూరి తారు పూశారు. చివరికి 1,22,000 రూపాయలకు అమ్మకం జరిగింది. నికాహ్ మసీదులోనే జరిగింది. విందుకు పిలవాలనుకున్న వారిలో సగం మందిని పిలవలేదు. ఆ సగంలో తామున్నందుకు అలిగిన బంధువులు ఇప్పటికీ మాట్లాడడం లేదని విన్నాము.

పంపును కూడా సరిగా అమర్చారు. అంతకు ముందు దాని తీగ ఇంజను మెయిన్ స్విచ్చి నుండి వచ్చేది. తాళం తీసి ఇంటికి పోతూ మెయిన్ ఆపితే పంపు కూడా ఆగేది. మా శిష్యుడు మెయిన్ ఆపకుండా వదిలి పోయేవారు, ఒక్కొక్క రాత్రి మరచి ఆపేవారు కూడా. ఇప్పుడు ఫ్లోటు తీగను ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి కలిపారు. పంపు నడిచినప్పుడల్లా నడిపేవాని ముందు వెలిగేటట్లు ఒక ఎర్ర దీపం పెట్టారు. జల్లెడ విప్పితే లోపల వేరుశెనగ పొట్టు, గుట్కా కాగితాలు, ఒక పసిపిల్ల రిబ్బను దొరికాయి. ఇవి అడ్డుపడితే పంపు తిరుగుతూనే ఉంటుంది, నీరు బయటికి పోదు. డీజిల్ కారి అడుగు నీటిలో కలిస్తే పంపు దానిని కూడా జలాశయంలోకే నెడుతుంది. ఆ నీరు ఎందరో త్రాగేది కనుక, నూనెను ముందు గుడ్డతో అద్ది తీయాలని వడ్రంగియే చెప్పారు.

సెలవులలో గండికోటకో, అవుకు జలాశయానికో, శ్రీశైలానికో పిల్లలతో వెళ్ళి పడవ ఎక్కే కుటుంబాలకు ఒక మాట. పలక ఒకటి ఎత్తి చూపమని పడవవానిని అడగడానికి మొహమాటపడకండి. ఎక్కగానే కాక, కొంతసేపు కూర్చున్న తరువాత ప్రక్క గొట్టం వైపు చూడండి. ఎన్ని నిమిషాలకు ఒకసారి ధార పడుతున్నదో తెలుస్తుంది. లైఫ్ జాకెట్టు తొడిగితే సరిపోదు, పట్టీలు బిగించాలి. బురఖా పైన బిగించుకోవాలి, లోపల కాదు. ఫోటో కోసం అందరూ ఒక వైపుకు చేరవద్దు. పంపు ఉన్నదని చెప్పే పడవలో కూడా తోడే బకెట్టు కనిపించకపోతే ఎక్కవద్దు. ఇక పడవ ఉన్నవారు వర్షాకాలంలో ఆ 30 అడుగుల పడవ వంటి దానిపై ఐదు సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 800 లీటర్లు చేరుతుందని గుర్తుంచుకొని, వాన వెలిసిన తెల్లవారి స్వయంగా వెళ్ళి చూసుకోవాలి. ఫ్లోటును వ్రేలితో ఎత్తి పంపు పలుకుతున్నదో లేదో చూడడానికి అర నిమిషం కూడా పట్టదు.

మొన్న ఆ పెద్దమనిషి అట్లూరు నుండి మా శిష్యునికి ఫోను చేశారట. ఎర్ర దీపం రోజుకు రెండుసార్లు వెలుగుతున్నది, ఇది ఇరుసు దగ్గరి నీరేనా, మళ్ళీ అతుకు నుండి వస్తున్నదా అని అడగడానికి. మా శిష్యుడు ఒక నోటు పుస్తకం పెట్టి వ్రాయమన్నారు. మొదటి వారం లెక్క ఫోటో తీసి పంపితే మాకు కూడా చూపించారు. శని 2, ఆది 2, సోమ 2, మంగళ 5, బుధ 2. మంగళవారం అక్కడ వాన కురిసిందట.